ప్యాడ్ నిండితే రీసెట్ ఒక్కటే చాలదు

ప్రశ్న: మా జిరాక్స్ షాపులోని ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌కి ప్యాడ్ పని అయిపోయిందని కంప్యూటర్‌లో మెసేజ్ వచ్చి, ప్రింట్లు ఆగిపోయాయి. మెకానిక్ సాఫ్ట్‌వేర్‌తో రీసెట్ చేశాడు. మూడు నెలలు బాగానే నడిచింది. ఇప్పుడు ప్రింటర్ కింద బల్లంతా నల్లగా తడుస్తోంది. పైపేమైనా పగిలిందా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: పైపు కాదు, వేస్ట్ ఇంక్ ప్యాడ్ పొంగినట్టుంది. హెడ్ (కాగితం మీద ఇంకు చల్లే భాగం) క్లీనింగ్ చేసిన ప్రతిసారీ లోపలి పంపు దాని సన్నని రంధ్రాల్లోంచి, అంటే నాజిల్స్‌లోంచి, ఇంకు లాగి, సన్నని గొట్టం గుండా ఈ ప్యాడ్‌లోకి వదులుతుంది. ఇంకులోని నీరు కొంత ఆరిపోతుంది గానీ, రంగూ జిగురూ అందులోనే ఉండిపోతాయి. ప్యాడ్ ఎంత తడిసిందో చూసే వీలు ప్రింటర్‌కి లేదు. ఎంత ఇంకు వదిలిందో లెక్క మాత్రం వేసుకుంటుంది. మెకానిక్ ఆ లెక్కను సున్నా చేశాడు, ఇంకు ఎక్కడిదక్కడే ఉంది. కారిన ఇంకు పవర్ సప్లై దాకా పాకితే నష్టం పెద్దది కాబట్టి, ముందు వాడకం ఆపండి.

ప్లగ్ తీసి, కింద పాత పేపర్లు దట్టంగా పరవండి. చేతులకు గ్లౌజులు తప్పనిసరి. ప్రింటర్ని పక్కకు వంచకండి, ట్యాంకుల్లోని ఇంకు ఒలుకుతుంది. ఎప్సన్ ఎల్ 3110, ఎల్ 3150 లాంటి వాటిలో ప్యాడ్ ట్రే వెనక వైపు ఒక్క స్క్రూతో ఉంటుంది. దాన్ని మెల్లగా లాగి గొట్టం ఊడదీయండి. ట్రేలో ఫెల్ట్ (ఇంకు పీల్చే మందపాటి గుడ్డ) ముక్కలు పొరలుగా ఉంటాయి, ఏది ఎక్కడుందో తీసే ముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పాత బకెట్లో ముంచి అరచేత్తో నొక్కుతూ, నీళ్లు తేటబడేదాకా నాలుగైదు సార్లు మార్చండి. మెలిపెట్టి పిండితే ఫెల్ట్ చిరుగుతుంది. కడిగిన నీళ్లు తెల్ల టైల్స్ మీద పడితే మరక వదలదు.

తర్వాతి పని ఆరబెట్టడం. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పైన పొడిగా అనిపించినా లోపల తడి ఉంటుంది, ఆ తడి ఉన్న మేరకు కొత్త ఇంకుకు చోటు తగ్గిపోతుంది. రెండు రోజులు ఎండనివ్వండి. షాపు ఆగకూడదనుకుంటే కొత్త ప్యాడ్ సెట్ కొని వేయడమే మేలు. ప్యాడ్ బదులు దూది కుక్కకండి. గొట్టం మూతి దగ్గర గడ్డకట్టి దారి మూస్తే, క్లీనింగ్ చేసినా హెడ్ శుభ్రపడదు.

ఒక తేడా గమనించండి. ఎప్సన్ 003 డై ఇంకు, అంటే రంగు ద్రవంలో కరిగి ఉంటుంది, నీటికి బాగా వదులుతుంది. కేనన్ జీఐ-790 నలుపు పిగ్మెంట్ ఇంకు, అంటే రంగు కరగని రేణువులుగా ఉంటుంది, ఆ రేణువులు ఫెల్ట్‌లో ఇరుక్కుపోతాయి. అలాంటి ప్యాడ్‌ని కడగడం కన్నా మార్చేయడమే నయం.

ప్యాడ్ బిగించాకే రీసెట్. ప్రింటర్ని యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, ఎప్సన్ అడ్జస్ట్‌మెంట్ ప్రోగ్రామ్‌లో (ఆ లెక్కను సున్నా చేసే సాఫ్ట్‌వేర్) మోడల్, పోర్టు ఎంచుకుని, వేస్ట్ ఇంక్ ప్యాడ్ కౌంటర్‌లో మెయిన్ ప్యాడ్‌కి టిక్ పెట్టి, చెక్ బటన్‌తో లెక్క చూసి, ఇనిషియలైజ్ నొక్కాలి. ఆపై ప్రింటర్ని ఆపి మళ్లీ ఆన్ చేయండి. అందులోని మిగతా మెనూల జోలికి వెళ్లొద్దు. ఎక్కడపడితే అక్కడ దొరికే కాపీల్లో వైరస్‌లు ఉంటాయి, బిల్లుల కంప్యూటర్‌లో మాత్రం వేయకండి.

ప్రశ్న: ప్యాడ్‌లోకి వెళ్లే గొట్టాన్ని బయటకు లాగి సీసాలో పెట్టుకోవచ్చా?
– ఒక ఫొటో స్టూడియో నుంచి, ఖమ్మం

జవాబు: పెట్టుకోవచ్చు, ఎక్కువ ప్రింట్లు తీసే చోట అదే మంచిది. సీసా ప్రింటర్ కన్నా దిగువన ఉండాలి, గొట్టం ఎక్కడా నలగకూడదు. మూతకు గాలి పోయే చిన్న రంధ్రం వేయండి, లేకపోతే ఇంకు ముందుకు కదలదు. ముప్పావు నిండగానే మార్చండి. కౌంటర్ రీసెట్ మాత్రం ఎలాగూ తప్పదు. బార్డర్ లేని ఫొటోలు తీసేటప్పుడు అంచు దాటిన ఇంకు కాగితం కింది ప్యాడ్‌లో పడుతుంది, అది ఈ సీసాలోకి రాదు. ఫొటోల వెనక మరకలు పడుతుంటే ముందు ఆ ప్యాడ్ చూడండి.

ప్రశ్న: కొత్త ప్రింటర్ కొంటున్నాను. ఈ బాధ లేనివి ఉన్నాయా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: మెయింటెనెన్స్ బాక్స్ (వేస్ట్ ఇంకు చేరే, విడిగా తీసి మార్చే డబ్బా) ఉన్నవి చూడండి. ఎప్సన్ ఎల్ 6170కి టీ04డీ1, కేనన్ జీ 3020కి ఎంసీ-జీ02 సరిపోతాయి. నిండిన బాక్స్ మీరే మార్చుకోవచ్చు, మెకానిక్ అక్కర్లేదు. ఏ ప్రింటరైనా స్విచ్‌బోర్డు దగ్గర కాకుండా దాని బటన్‌తోనే ఆపండి. హెడ్ తన మూత మీదికి చేరకముందే కరెంటు పోతే నాజిల్స్ ఎండిపోతాయి, వాటిని తెరిపించడానికి చేసే క్లీనింగులతోనే బాక్స్ త్వరగా నిండుతుంది.