తొమ్మిదో తరగతి పిల్లలకు తరంగాల రకాలు ఎలా అర్థమయ్యేలా చెప్పాలి?

‘తిర్యక్, అనుదైర్ఘ్య తరంగాల తేడా మా బాబుకి ఎంత చెప్పినా ఎక్కడం లేదు’ అని రాశారు. పుస్తకం మూసేసి ముందు ఒక తాడు తీయండి.

నైలాన్ దారం వద్దు. అది మరీ తేలిక, అల కంటికి ఆనేలోపే అవతలికి చేరిపోతుంది. బట్టలారేసే లావుపాటి నూలు తాడు ఐదారు మీటర్లు చాలు. ఒక కొస కిటికీ ఊచకు బిగించి, మధ్యలో ఎర్ర రిబ్బను ముడివేయండి. రెండో కొస కాస్త వదులుగా పట్టుకుని ఒక్కసారి పైకి విదిలించి ఆపండి. ఆ వంపు కిటికీ దాకా పరుగెడుతుంది, రిబ్బను మాత్రం ఉన్నచోటే లేచి దిగుతుంది. తరంగం పోయే దారికి అడ్డంగా కదలిక ఉంటే అదే తిర్యక్ తరంగం. ఆ సమయంలో బాబుని ఊచ మీద చేయి ఆనించి ఉంచమనండి. శక్తి వచ్చి తగిలిన కుదుపు చేతికే తెలుస్తుంది. తిరిగొచ్చే వంపు తలకిందులుగా ఉంటుంది. కంగారుపడకండి, కదలని కొస దగ్గర అలాగే రావాలి.

పిల్లలు పొరబడేది ఇక్కడే: చేయి జోరుగా ఊపితే తరంగం జోరుగా పోతుందనుకుంటారు. పోదు. అలలు దగ్గరదగ్గరగా పడతాయంతే. వేగాన్ని నిర్ణయించేది తాడు బిగువూ, మీటరు తాడు బరువూ. బిగువు నాలుగింతలైతే వేగం రెండింతలు. అదే పౌనఃపున్యంతో (సెకనుకు ఊగే సార్లు మార్చకుండా) కంపన పరిమితి, అంటే అల ఎత్తు, రెట్టింపు చేస్తే, మోసుకెళ్లే శక్తి నాలుగింతలు.

రెండో రకానికి స్టీలు స్లింకీ (వదులు చుట్ల స్ప్రింగు బొమ్మ) కొనండి, ప్లాస్టిక్‌ది తొందరగా మెలిపడిపోతుంది. నున్నటి గ్రానైట్ నేల మీద రెండు మీటర్లు సాగదీసి, పది చుట్లు దగ్గరికి లాగి వదలండి. ఒక చుట్టుకు దారం కడితే, అది తరంగం పోయే దారిలోనే ముందుకీ వెనక్కీ ఆడుతుంది. ఇదే అనుదైర్ఘ్య తరంగం. ధ్వని కూడా ఇంతే. గోల్కొండ కోట ద్వారం ఫతే దర్వాజా దగ్గర కొట్టిన చప్పట్లు దాదాపు కిలోమీటరు అవతల, కొండ మీది బాలా హిస్సార్‌లో వినిపిస్తాయి. కింది గాలి అక్కడిదాకా వెళ్లదు, ఆ ఒత్తిడే చేతులు మారుతూ రెండు మూడు సెకన్లలో చేరుతుంది.

అసలు గొడవంతా మన పుస్తకాలతోనే. ధ్వనికి కూడా పాములాంటి వంపు గీత వేసి వదిలేస్తారు. అది గాలి పీడనం ఎక్కడెక్కువో ఎక్కడ తక్కువో చూపే గ్రాఫు అని బొమ్మ కింద ఒక్క ముక్క రాస్తే ఏం పోతుంది? పిల్లలు ధ్వని పైకీ కిందికీ ఊగుతుందని ఏళ్ల తరబడి నమ్ముతున్నారు.

నీటి అలలో ఈ రెండు కదలికలూ ఉంటాయి. హుస్సేన్‌సాగర్‌లో కాగితప్పడవ వేసి చూపించకండి, గాలి నెట్టేసి అలే మోసుకెళ్లిందనిపిస్తుంది. ముప్పావు వంతు నీళ్లు నింపిన బాటిల్‌కి దారం కట్టి వదిలితే, గుండ్రంగా తిరిగి దాదాపు ఉన్నచోటికే రావడం కనిపిస్తుంది.

కాంతికి యానకమే, అంటే తాడు, గాలి, నీరులా తరంగాన్ని మోసే పదార్థమే, అక్కర్లేదు. భూకంపాల్లో రెండు రకాలూ వస్తాయి: అనుదైర్ఘ్యం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, తిర్యక్ సుమారు 3.5. రెండూ చేరడంలో ఒక్కో సెకను తేడాకు భూకంపం దాదాపు 8 కిలోమీటర్ల దూరం. ఈ లెక్క బాబు చేతే చేయించండి.