వడ్డీ సంగతి తర్వాత, ముందు మీ జీతం ఎవరి చేతిలో ఉంది?

కావలి నుంచి ఒక టీచరమ్మ రాశారు. ప్రైవేటు స్కూల్లో జీతం నెలకు 24 వేలు. ఏటీఎం కార్డు, ఓటీపీలు వచ్చే సిమ్ రెండూ భర్త దగ్గరే ఉంటాయి. రొయ్యల గుంట కోసమని ఆయన రెండేళ్ల కిందట ఆమె పేరు మీద 3 లక్షల పర్సనల్ లోన్ తీయించారు. పంట పోయింది. ఈఎంఐ ఆమె జీతంలోంచే కట్ అవుతోంది. ఇప్పుడు మళ్లీ గుంటలో రొయ్య పిల్ల వేయాలట. ‘నా పన్నెండు సవర్ల నగలు కుదువ పెట్టమంటారా, ఉన్న లోన్ మీద టాప్‌అప్ తీసుకోమంటారా? దేనికి వడ్డీ తక్కువ?’ అని ఆమె ప్రశ్న.

అమ్మా, సాధారణంగా గోల్డ్ లోన్‌కే వడ్డీ తక్కువ. అయినా రెండూ వద్దు. ఒకసారి మునిగిన గుంటలోకి మళ్లీ అప్పు తెచ్చి పోయడం ఏం పని? బ్యాంకుకు మీ సంతకమే కావాలి. రేపు కట్టలేకపోతే నోటీసు వచ్చేది మీకే, వేలానికి పోయేది మీ నగలే.

మీ ఉత్తరంలో ఒక చోట ఆగిపోయాను. రైతుబజారు నుంచి రాగానే మిగిలిన చిల్లర బల్ల మీద పెట్టాలని, ఒకసారి ఇరవై రూపాయలు లెక్క తేలకపోతే రాత్రి పదకొండు దాకా నిలబెట్టి అడిగారని రాశారు. ఆ వెంటనే ‘ఆయనకు లెక్క ఎక్కువ’ అని మీరే సర్దేశారు. నా దగ్గరికి వచ్చే చాలామంది ఆడవాళ్లు చేసే పొరపాటు ఇదే. ఇంట్లో లెక్కలు ఒకరే చూడటంలో తప్పు లేదు. అడిగితే చెప్పాలి, వద్దంటే ఆగాలి. కాదంటే ఏం జరుగుతుందోనని భయపడి సంతకం పెడుతున్నారంటే అది హింసే. 2005 గృహహింస చట్టం దీన్ని ఆర్థిక హింస అనే పేరుతోనే చెప్పింది. స్త్రీధనం లాక్కోవడం కూడా అందులోకే వస్తుంది.

ఇప్పుడు మీకు కావాల్సింది అత్యవసర నిధి. అందరికీ ఆరు నెలల ఖర్చు దాచమంటాను. మీకు ముందు 40 వేలు చాలు. ఒక గది అడ్వాన్సు, నెల తిండి, బస్సు ఛార్జీలు వస్తాయి. జీతం ఖాతా ఒక్కసారిగా మార్చకండి, ఇంట్లో గొడవ పెరుగుతుంది. వేరే బ్యాంకులో మీ ఒక్కరి పేరు మీద ఖాతా తెరవండి. మెసేజ్‌లు ఆయన దగ్గరున్న సిమ్‌కు పోకుండా చూసుకోండి. ట్యూషన్ డబ్బులు చేతికొస్తాయన్నారు కదా, వీలైనంత అందులో వేయండి, నెలకు వెయ్యైనా సరే. పాస్‌బుక్, సర్టిఫికెట్లు, నగల బిల్లులు మీ అమ్మగారింట్లో ఉంచండి. క్రెడిట్ రిపోర్టు, అంటే మీ పేరు మీదున్న అప్పుల చిట్టా, ఏడాదికోసారి ఉచితంగా వస్తుంది, మీకు తెలియని అప్పు మీ పేరు మీద ఇంకేదైనా ఉందేమో చూసుకోండి.

సిప్ గురించి, అంటే నెలనెలా కొంత మ్యూచువల్ ఫండ్‌లో వేయడం గురించి కూడా అడిగారు. తర్వాత చూద్దాం. పాలసీల్లో నామినీ ఎవరో మాత్రం ఒకసారి చూడండి.

శనివారం సంతకానికి బ్యాంకుకు రమ్మన్నారని రాశారు. నేరుగా కాదంటే చెయ్యి చేసుకుంటారని అనిపిస్తే, ఆలోపే స్కూల్లో తోటి టీచర్ ఫోన్ తీసుకుని మహిళా హెల్ప్‌లైన్ 181కి మాట్లాడండి. ఉచితంగా లాయరు కావాలంటే 15100. ప్రాణం మీదకొస్తే ఆలోచించకుండా 112.