రేడియాలజీ వాళ్లు ఫారాలు ఊరికే తిప్పి పంపిస్తారా?

హౌస్‌సర్జన్సీలో చేరబోతున్నానని, స్కాన్ కోసం పంపే ప్రతి ఫారానికీ రేడియాలజీ వాళ్లు ఏదో ఒక వంక పెట్టి తిప్పి పంపిస్తారని సీనియర్లు భయపెడుతున్నారని రాశారు. నేను ప్రభుత్వ బోధనాసుపత్రిలో జనరల్ మెడిసిన్ డాక్టర్ని. తిప్పి పంపడం నిజమే, కానీ చాలాసార్లు న్యాయం వాళ్లవైపే ఉంటుంది.

"కడుపునొప్పి, సీటీ అబ్డామెన్" అని గీకి అటెండర్ చేతికిస్తే, అక్కడ స్కాన్ చదివేవాళ్లకి ఏం వెతకాలో ఎలా తెలుస్తుంది? రిపోర్టు చివర "క్లినికల్‌గా కోరిలేట్ చేసుకోండి", అంటే పేషెంటు లక్షణాలతో పోల్చి చూసుకోండి, అని చూసి వార్డులో అందరూ విసుక్కుంటారు. పేషెంటుని చూసింది మనం. మన అనుమానమేంటో మనమే చెప్పాలి.

ఒక రాత్రి క్యాజువాలిటీకి ఒక పెద్దాయన వచ్చారు. నొప్పితో మెలికలు తిరిగిపోతున్నారు, చెయ్యి వేసి చూస్తే మాత్రం పొట్ట మెత్తగానే ఉంది. నాడి క్రమం తప్పి కొట్టుకుంటోంది. ఫారం మీద ఇవన్నీ రాసి, "పేగుకి రక్తం తీసుకెళ్లే ఆర్టరీ మూసుకుపోయిందా?" అని కింద అడిగాను. కాసేపటికే డ్యూటీలో ఉన్న రేడియాలజీ పీజీ (ఆ విభాగంలో పైచదువు చదువుతున్న డాక్టర్) అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, మామూలు సీటీలో ఇది దొరక్కపోవచ్చు, యాంజియో చేద్దాం. క్రియాటినిన్ కోసం ఆగొద్దు, మా మేడంతో నేను మాట్లాడతాను" అంది. యాంజియో అంటే రక్తనాళాలు తెల్లగా కనిపించేలా కాంట్రాస్ట్ అనే మందుని వేగంగా ఎక్కించి తీసే సీటీ, క్రియాటినిన్ అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష. స్కాన్ అవుతుంటే కన్సోల్ పక్కనే నిలబడి చూశాను. పేగుకి రక్తం తీసుకెళ్లే సుపీరియర్ మెసెంటరిక్ ఆర్టరీలో తెల్లగా కనిపిస్తున్న కాంట్రాస్ట్ ఒకచోట ఠక్కున ఆగిపోయింది. రిపోర్టు టైపు చేయకముందే ఆ అమ్మాయే సర్జరీ డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పింది. అలాంటి సాయం మర్చిపోలేం.

మామూలు రోజుల్లో గొడవ ఎక్కువగా ఆ క్రియాటినిన్ దగ్గరే. కాంట్రాస్ట్ వల్ల కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంటుందని, ఆ రిపోర్టు చూడందే ట్రాలీని లోపలికి రానివ్వరు. ల్యాబ్ ఆలస్యం చేస్తే తిట్లు పడేది సీటీ టెక్నీషియన్‌కి, అది చాలా అన్యాయం. మందులెక్కించే క్యాన్యులా గొట్టాన్ని నరానికి పెట్టేటప్పుడే శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపేయండి. యాంజియో అవసరం పడేలా ఉంటే మోచేతి దగ్గర లావుగా ఉండే ఆకుపచ్చ క్యాన్యులా పెట్టండి. అరచేతి వెనక పెట్టిన సన్నటి నీలం క్యాన్యులాని చూస్తే వాళ్లు వెనక్కి పంపడం ఖాయం, ఎందుకంటే మందు అంత వేగంగా ఎక్కించాలంటే అది సరిపోదు. గర్భిణికి అల్ట్రాసౌండ్ అయితే ఫారం-ఎఫ్ నింపాల్సిందే. అది నింపకపోతే, గర్భంలో లింగ నిర్ధారణని నిషేధించే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద కేసు అవుతుంది కాబట్టి, అక్కడ తొందర పెట్టకండి.

వాళ్లవైపు లోపాలు లేవని కాదు. రాత్రి తీసిన సీటీకి ఫైనల్ రిపోర్టు చాలాచోట్ల మర్నాడు గానీ రాదు. అప్పటిదాకా పీజీ నోటిమాట మీదే నడవాలి. ఆ మాటని పేరు, టైముతో సహా కేసు షీటులో రాయండి. పొద్దున ఫైనల్ రిపోర్టు రాగానే దానితో పోల్చి చూడండి, ఒక్కోసారి తేడా ఉంటుంది.

ఇంకొకటి, బెడ్ దగ్గర పోర్టబుల్ మెషీన్‌తో తీసిన ఛాతీ ఎక్స్‌రేలో గుండె ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. అది చూసి టెన్షన్ పడి ఎకో (గుండె స్కాన్) రాసేముందు, ఫిల్ము పట్టుకుని రేడియాలజీ రూముకి వెళ్లి అడగండి. మనిషి ఎదురుగా నిలబడి అడిగితే విసుక్కున్న రేడియాలజిస్టుని నేనింతవరకు చూడలేదు.