2,300 చేతిలో లేక 62,000 బిల్లు

ప్రశ్న: మాది విజయవాడ. ప్రైవేటు ఉద్యోగం, చేతికి వచ్చే జీతం 42,000. సర్వీసు ఖర్చు తగ్గుతుందని వీడియోలు చూసి, మా తొమ్మిదేళ్ల కారుకు ఇంజిన్ ఆయిల్ నేనే మార్చాను. ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు బిగిస్తుంటే మర పోయింది. టెఫ్లాన్ టేపు చుట్టి, పైన సీలింగు ముద్ద పెట్టాను. వారం తర్వాత గుంటూరు వెళ్తుంటే దారిలో ఆయిల్ అంతా కారిపోయి ఇంజిన్ పట్టేసింది. షెడ్డులో 62,000 అంటున్నారు. ఒక లోన్ యాప్‌లో 50,000 మంజూరైంది, తీసుకోవచ్చా? కింద రాయి తగిలిందని చెబితే ఇన్సూరెన్స్ ఇస్తారని తెలిసినాయన అంటున్నారు, నిజమేనా? ఎందుకూ పనికిరాని పాలసీ కాబట్టి, వచ్చే ఏడాది నుంచి థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికే ఇచ్చే పాలసీ) ఒక్కటే కడదామనుకుంటున్నాను.

జవాబు: ఆ లోన్ తీసుకోకండి. మీరు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. 50,000 అని పెద్ద అక్షరాల్లో ఉంది. ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ కలిపి 3,540 ముందే కోసుకుని మీ ఖాతాలో వేసేది 46,460. మీరు కట్టేది నెలకు 9,250 చొప్పున ఆరు నెలలు, అంటే 55,500. యాప్‌లో నెలకు 1.83 శాతమే అని ఉంది కదా, అది మీరు అసలు తీరుస్తూ పోతున్నా మొత్తం 50,000 మీద చివరిదాకా వేసిన వడ్డీ. చేతికి వచ్చిన డబ్బు మీద, తీరుస్తున్న కొద్దీ తగ్గే బాకీ మీద లెక్కేస్తే నెలకు 5.3 శాతం దాటుతోంది. ఏడాదికి 64 శాతం! లోన్ ఇచ్చే ముందు ఏపీఆర్, అంటే ఫీజులు కూడా కలిపి లెక్కేసిన ఏడాది వడ్డీ శాతం ఎంతో కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో చూపించాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఆ కాగితం తెరిచి ఆ ఒక్క గడి చూస్తే ఈ ప్రశ్న నన్ను అడిగేవారే కాదు. పది నిమిషాల్లో వస్తుందన్న మాట ఒక్కటీ చూసి సంతకం పెట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాస్తున్నది మాత్రం లోన్ గురించి కాదు. మీ నష్టమంతా స్పానర్ వల్లే జరిగిందని మీరు అనుకుంటున్నారు. ఏ రోజు ఏం జరిగిందో మీరే రాశారు, నాతోపాటు మళ్లీ ఒకసారి చదవండి.

సంపు, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అల్యూమినియంది. బోల్టు ఉక్కుది. స్పానర్‌కు పైపు తొడిగి బిగించారు, సంపులో మర పోయింది. అనుభవమున్న మెకానిక్కుల చేతిలోనూ ఇది జరుగుతుంది. కాకపోతే అక్కడ జరిగితే ఖర్చు షెడ్డు వాళ్లే పెట్టుకోవాలి, మన చేతిలో జరిగితే మనమే పెట్టుకోవాలి. మీరు వెంటనే మెకానిక్‌ను పిలిచారు కూడా. సంపు విప్పి, లేత్ షాపులో కొత్త మర వేయించి, మళ్లీ బిగించి ఇవ్వడానికి 2,300 అడిగారు. ఆ రోజు 27వ తేదీ. ఖాతాలో 1,100 ఉన్నాయి, పాలవాడికి ఇవ్వాలి. అందుకని టేపు చుట్టి, ముద్ద పెట్టారు.

తర్వాతి వారం మంగళగిరి దాటాక డాష్‌బోర్డు మీద ఆయిల్ దీపం ఎర్రగా వెలిగింది. టోయింగ్‌కు 3,000 అవుతుందని భయపడి కాజ టోల్‌గేటు దాకా లాగించేశానని రాశారు. ఆయిల్ ప్రెషర్ లేకుండా ఇంజిన్ బేరింగులు కొద్ది నిమిషాలు కూడా తట్టుకోలేవు. దీపం వెలిగిన చోటే ఆపి ఉంటే ఇంజిన్ దక్కే అవకాశం ఉండేది. రెండుచోట్లా మీకు విషయం తెలుసు. చేయాల్సిందేమిటో కూడా తెలుసు. చేతిలో డబ్బు లేక చేయలేదు.

పొదుపు చేయనివారా అంటే అదీ కాదు. పన్ను కోసం నెలకు 5,000 ఈఎల్ఎస్ఎస్ (పన్ను ఆదా చేసే మ్యూచువల్ ఫండ్) సిప్, 5,000 చీటీ, పీఎఫ్. జీతంలో నాలుగో వంతు పక్కన పెడుతున్నారు, నాకు ఉత్తరాలు రాసేవారిలో చాలామంది కంటే ఇది ఎక్కువే. కానీ సిప్‌లో ప్రతి వాయిదాకూ మూడేళ్ల తాళం. చీటీ చేతికి రావాలంటే పాట పాడాలి, అవసరం ముంచుకొచ్చినవాడే ఎక్కువ తోసి పాడతాడు. అరగంటలో తీసుకోగల డబ్బు మీకు ఒక్క రూపాయి లేదు. సొంతంగా బండి పని చేసుకునేవారికి అత్యవసర నిధి అందరికంటే ఎక్కువ అవసరం. ఆయిల్ మార్చి 2,000 మిగిలిందనుకుంటే, ఆ 2,000 ఖర్చు పెట్టేయకుండా అదే రోజు వేరే ఖాతాలో వేయాలి. విరిగిన బోల్టుకు, తెగిన కేబులుకు అందులోంచి తీయాలి.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఆరు నెలలు నెలకు 9,250 కట్టడానికి సిద్ధపడ్డారంటే ఆ డబ్బు మీ జీతంలో ఉన్నట్టే. అవసరమైతే సిప్ కొన్నాళ్లు ఆపండి, పాత యూనిట్లకు ఏమీ కాదు. మీరు ఆఫీసుకు వెళ్లేది స్కూటర్ మీదే కాబట్టి కారును అలాగే ఉండనివ్వండి. ఒకటో తేదీన జీతం పడగానే 9,250 యూపీఐకి కలపని వేరే సేవింగ్స్ ఖాతాలోకి వెళ్లాలి. ఏడో నెలకు 64,750 అవుతుంది. అందులో 20,000 కదపకండి. మిగతాదాంతో, షెడ్డువాళ్లు 40,000కు బిగిస్తామన్న సెకండ్ హ్యాండ్ ఇంజిన్ వేయించుకోండి. ఇంజిన్ నంబరు మారుతుంది కాబట్టి ఆర్సీలో, పాలసీలో తప్పకుండా ఎక్కించుకోవాలి. తర్వాత కూడా ఆ ఖాతాలో మూడు నెలల ఇంటి ఖర్చు చేరేదాకా వేస్తూనే ఉండండి. సిప్ మళ్లీ మొదలుపెట్టడం ఆ తర్వాతే. కారు లేకుండా ఇంట్లో అస్సలు గడవదంటే బ్యాంకులో బంగారం పెట్టి 40,000 తీసుకోండి, వడ్డీ యాప్ అడిగేదాంట్లో చిన్న భాగమే ఉంటుంది.

రాయి తగిలిందని చెప్పే ఆలోచన వదిలేయండి. అది అబద్ధపు క్లెయిము. ఇన్సూరెన్స్ కంపెనీ పంపే సర్వేయర్ ముందుగా చూసేది ఆ బోల్టునే, దాని చుట్టూ మీరు పెట్టిన ముద్ద ఇంకా ఉంది. నిజంగానే రాయి తగిలి సంపు పగిలినా, పాలసీ ఇచ్చేది సంపుకే. దీపం వెలిగాక నడిపినందువల్ల పట్టేసిన ఇంజిన్‌కు ఇవ్వరు, మామూలు మెకానికల్ బ్రేక్‌డౌనుకూ ఇవ్వరు. అంతమాత్రాన పాలసీ పనికిరానిదని అనకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మీరు ఈ ఊళ్లోనే ఉన్నారు. థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్న కార్ల వాళ్లకు వరద నష్టం కింద పైసా రాదు. మీ కారు విలువ తగ్గింది కాబట్టి ప్రీమియం కూడా తక్కువే, పైగా 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (ఇన్నాళ్లు క్లెయిము చేయనందుకు ప్రీమియంలో తగ్గింపు) ఉంది. కారు కదలడం లేదని రెన్యువల్ మాత్రం ఆపకండి, గడువు దాటి 90 రోజులైతే ఆ బోనస్ పోతుంది. రెన్యువల్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కలపండి, టోయింగ్ భయం తీరుతుంది.

చివరగా ఇంకో మాట. మీరు పంపిన ఫొటోలో కారు ముందు చక్రాలు రెండేసి ఇటుకల మీద ఉన్నాయి, కింద మీ కాళ్లు కనిపిస్తున్నాయి. పక్కనే మీ పాప టార్చి పట్టుకుని కూర్చుంది. 62,000 చదివినప్పుడు కంటే ఆ ఫొటో చూసినప్పుడు నా గుండె ఎక్కువ దడదడలాడింది. ఇటుక బరువుకు చిట్లిపోతుంది. ఇంటిముందే పని చేసుకోవాలనుకుంటే జాక్ స్టాండ్లు (ఎత్తిన కారును మోసే ఇనుప స్టాండ్లు) కొనండి, అప్పటిదాకా కారు కిందికి వెళ్లకండి. మీ ఉత్తరంలో టర్మ్ పాలసీ (మనం పోతే ఇంట్లోవాళ్లకు డబ్బు ఇచ్చే జీవిత బీమా) ఊసే లేదు. వచ్చే జీతంలో మొదటి ప్రీమియం దానికే కట్టండి. బ్యాంకుకు వెళ్లినప్పుడు ప్రధానమంత్రి సురక్షా బీమా ఫారం కూడా నింపిరండి. ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు వస్తాయి. మీ ఆవిడ పేరున కూడా ఒకటి తీసుకోండి.