పైకప్పు కారితే వారంటీ జారుతుందా?

ప్రశ్న: ఏడాది కిందట డీలర్ దగ్గర కొత్త క్యాంపర్ ట్రెయిలర్ (కారు వెనక తగిలించుకుని వెళ్లే, లోపల బస చేసే బండి) కొన్నాను. రెండేళ్ల వారంటీ ఉంది. మొన్నటి వానలకు పైకప్పు వెంటిలేటర్ పక్క నుంచి నీరు దిగి, లోపలి ప్లైవుడ్ ఉబ్బిపోయింది. డీలర్ మాత్రం ‘అతుకుల్లో నీరు దిగకుండా పూసే సీలెంట్ సంగతి చూసుకోవలసింది మీరే, అది వారంటీలోకి రాదు’ అంటున్నారు. ఉండబట్టలేక నేనే సిలికాన్ పూశాను. ఇక నా కేసు నిలవదా?

జవాబు: నిలుస్తుంది. ముందు ఆ సిలికాన్ ట్యూబును మాత్రం పక్కన పడేయండి. ఒకసారి సిలికాన్ పట్టిన చోట దాన్ని పూర్తిగా గీకి తీస్తే తప్ప మరో సీలెంట్ అంటుకోదు. మీరు పూసిన తేదీని కంపెనీకి, డీలరుకు పంపే నోటీసులో మీరే రాయండి. దాచిపెడితే అవతలి లాయరుకు అదే ఆయుధమవుతుంది. కారడం ముందు, పూయడం తర్వాత అన్న వరుస తేలితే చాలు.

డీలర్ మాటలో సగం నిజముంది. సీలెంటును ఫలానా గడువుకొకసారి పరిశీలించాలని చాలా వారంటీ పత్రాల్లో రాసి ఉంటుంది. ఎండకు సీలెంట్ పగిలితే అది నిర్వహణ లోపం, ఆ భారం యజమానిదే. మీరు ఎప్పుడెప్పుడు పైకెక్కి చూశారో రాసుకున్న పుస్తకం గానీ, తేదీలున్న ఫోటోలు గానీ ఉంటే ఇప్పుడే బయటికి తీయండి.

మిగతా సగం వెంటిలేటర్ అంచు కింద ఉంది. అక్కడ బ్యూటైల్ టేపు (నీరు చొరకుండా ఆపే జిగురు పట్టీ) పరిచి, దాని మీద అంచును స్క్రూలతో బిగించి, ఆపైన సీలెంట్ వేయాలి. స్క్రూలు విప్పి అంచు లేపినప్పుడు టేపు లేకపోయినా, ఒక మూల దాకా వచ్చి ఆగిపోయినా, అది ఫ్యాక్టరీలో జరిగిన తప్పు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(10) చెప్పే ‘లోపం’ కిందికి ఇది వస్తుంది. అయితే ఆ స్క్రూలు మీరు విప్పకండి. తేదీ, సమయం తెలుపుతూ కంపెనీకి, డీలరుకు ముందుగా నోటీసు పంపి, వీరిద్దరితో సంబంధం లేని మెకానిక్ చేత విప్పించి, మొత్తం వీడియో తీయించండి. వాళ్లు రాకపోతే అది వాళ్ల ఇష్టం. నీరు ఒక చోట దూరి ఫ్రేము వెంట పాకి మరో చోట తేలుతుంది కాబట్టి, గొట్టంతో కింది నుంచి పైకి మెల్లగా తడుపుతూ ఎక్కడ కారుతోందో కూడా రికార్డు చేయించండి.

‘ముట్టుకుంటే సాక్ష్యం పోతుంది’ అని వానలో వదిలేసేవారు నాకు చాలామంది తగిలారు. అది పొరపాటు. నష్టాన్ని తగ్గించడానికి చేతనైన ప్రయత్నం చేశారా అన్నది కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 73 వివరణ ప్రకారం లెక్కకు వస్తుంది. టార్పాలిన్ కప్పండి, బిల్లు ఉంచండి. తీసేసిన ప్లైవుడ్ ముక్కలను పారేయవద్దు.

ఫిర్యాదులో తయారీదారును, డీలరును ఇద్దరినీ చేర్చండి. చెల్లించిన ధర 50 లక్షల రూపాయలు దాటకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే దాఖలు చేయవచ్చు. కొత్త బండి ఇప్పించమని ప్రధానంగా అడగాలనిపిస్తుంది గానీ, ఒక్క లీకుకు అది దక్కడం అరుదు. లోపం సరిచేయడం, పాడైన ప్లైవుడ్ మార్చడం, పరిహారం, ఖర్చులు అడిగి, మార్పిడిని ప్రత్యామ్నాయంగా పెట్టండి. బండిని అద్దెకు తిప్పుతున్నట్లయితే ఆ మాట మీ లాయరుకు ముందే చెప్పండి. వాణిజ్య ప్రయోజనానికి కొన్నవారు వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారులు కారు, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నవారికే మినహాయింపు.

‘వచ్చే వారం మనిషిని పంపుతాం’ అని ఫోనులో చెప్పే మాటలతో గడువు ఆగదు. అదే చట్టంలోని సెక్షన్ 69 ప్రకారం వివాద కారణం తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు పడాలి. నోటీసు ఈ వారమే స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.