పేరు చూసి కొనొచ్చా?

ప్రశ్న: అన్నా, మా తమ్ముడు బీటెక్ మూడో ఏడు. రాత్రి భోజనాలయ్యాక ఫ్రెండ్స్‌తో ఆన్‌లైన్‌లో 'డెడ్ బై డేలైట్' అనే హారర్ గేమ్ ఆడతాడు. పుట్టినరోజుకి దానిలో ఒక డీఎల్‌సీ (ఆటకి విడిగా కొనే అదనపు ప్యాక్) కొనిద్దామని స్టోర్ తెరిచాను. కిల్లర్, సర్వైవర్ ఇద్దరూ ఉన్న ప్యాక్ అయితే బాగుంటుందని వాడు ఎప్పుడో మాటల్లో అన్నాడు. తీరా చూస్తే కొన్నిటి పేరు చివర 'చాప్టర్' అని ఉంది, కొన్నిటికి లేదు, కొన్నిటికి సినిమా పేర్లు, ఒకదానికి సూట్‌కేస్ అని పేరు. చాప్టర్ అని ఉంటే ఇద్దరూ ఉన్నట్టేనా? వాణ్ని అడిగితే సర్‌ప్రైజ్ పోతుంది.
— ఒక అక్క, కూకట్‌పల్లి

జవాబు: అలా అనుకోవడానికి లేదమ్మా. మీరు అడిగింది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఈ ఆట కొత్తగా మొదలుపెట్టే ప్రతి ఒక్కరూ ఇక్కడే తడబడతారు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆట గురించి రెండు ముక్కలు. ఒకరు కిల్లర్, అంటే వేటాడేవాడు, నలుగురు సర్వైవర్లు, అంటే వాడి నుంచి బతికి బయటపడాల్సినవాళ్లు. ఆ నలుగురూ ఐదు జనరేటర్లు బాగుచేసి, గేటు తెరిచి తప్పించుకోవాలి. మాంట్రియల్‌లోని బిహేవియర్ ఇంటరాక్టివ్ వాళ్లు 2016 జూన్‌లో విడుదల చేశారు, అప్పటి నుంచి ఏటా కొత్త పాత్రలు వస్తూనే ఉన్నాయి. మామూలుగా ఒక కిల్లర్, ఒక సర్వైవర్ కలిసి వస్తే దాన్ని చాప్టర్ అంటారు. ఒక్కరే వస్తే ఆడేవాళ్లు పారాగ్రాఫ్ అంటారు. చాప్టర్‌తో కొత్త మ్యాప్ వచ్చినా అది ప్యాక్ కొనని వాళ్లకి కూడా ఉచితమే, కాబట్టి మీ డబ్బు వెళ్లేది పాత్రలకి.

ఈ పద్ధతి పేర్లలో కూడా కనిపిస్తే మీరు నాకు రాసే అవసరమే ఉండేది కాదు. 2017లో వచ్చిన 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్' ప్యాక్‌లో కిల్లర్‌గా ఫ్రెడ్డీ, సర్వైవర్‌గా క్వెంటిన్ ఇద్దరూ ఉన్నారు, అంటే నిండు చాప్టర్, కానీ పేరులో ఆ మాట లేదు. 2021 అక్టోబర్‌లో వచ్చిన 'అవర్ ఆఫ్ ది విచ్ చాప్టర్'లో ఉన్నది మికేలా అనే ఒక్క సర్వైవర్, కిల్లర్ లేడు, అయినా పేరులో చాప్టర్ ఉంది. 'లెదర్‌ఫేస్', 'ఘోస్ట్ ఫేస్' రెండిట్లోనూ కిల్లర్ ఒక్కడే. మీరన్న సూట్‌కేస్ అయితే పాత్రే కాదు, సర్వైవర్లకి 80ల నాటి బట్టలు. 'హెడ్‌కేస్' అని ఇంకోటి ఉంది, అది జుట్టు స్టైల్స్. పేరు చూసి ఎవరైనా వీటిని పోల్చుకోగలరా?

మీరు కోఠిలో నిలబడితే 127కె అని కనిపించగానే బస్సెక్కేస్తారు, కొండాపూర్ వెళ్తుందని బోర్డంతా చదవక్కర్లేదు. నంబర్ మీద అంత నమ్మకం. అదే నంబర్ కొన్ని బస్సులకి రాసి, కొన్నిటికి రాయకుండా, కొన్నిటికి డ్రైవర్ పేరు రాసి పంపితే మనం ప్రతి బస్సు దగ్గరా కండక్టర్‌ని అడగాల్సిందే. ఇక్కడ జరుగుతున్నది అదే, ఇది సరిదిద్దాల్సిన విషయమని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే డబ్బు పెట్టేవాడికి లోపల ఏముందో పేరులోనే తెలియాలి.

ఇలా ఎందుకు అయిందంటే కొంతవరకు లైసెన్సుల వల్ల. బయటి సినిమాల, ఆటల పాత్రల్ని తెచ్చుకున్నప్పుడు ఏ హక్కు దొరికితే ఆ పేరే పెట్టగలరు. ఘోస్ట్ ఫేస్ సంగతే చూడండి, అందరికీ 'స్క్రీమ్' సినిమా గుర్తొస్తుంది, కానీ వీళ్లు తీసుకున్నది ఆ మాస్క్ హక్కు, అది ఫన్ వరల్డ్ అనే మాస్కుల కంపెనీది. అందుకే స్టోర్‌లో స్క్రీమ్ అనే పేరు ఉండదు, ముసుగు వెనక ఉన్న మనిషి కూడా ఆ సినిమాలోని వాడు కాదు. ఇది అర్థం చేసుకోగలను. కానీ చివర 'చాప్టర్' అని పెట్టడానికో తీసేయడానికో ఏ లైసెన్సూ అడ్డం రాదు కదా, అది తలచుకుంటే ఒక్క రోజులో సరిచేయొచ్చు.

ఇంకో చిక్కు 'రెసిడెంట్ ఈవిల్'. ఆ పేరుతో రెండు ప్యాక్‌లు ఉన్నాయి. మొదటిది 2021 జూన్‌ది, నెమెసిస్ కిల్లర్, లియాన్, జిల్ సర్వైవర్లు. రెండోది 2022 ఆగస్టుది, పేరులో 'ప్రాజెక్ట్ డబ్ల్యూ' అని ఉంటుంది, అందులో వెస్కర్ కిల్లర్, ఏడా, రెబెకా సర్వైవర్లు. రెండిట్లోనూ ముగ్గురేసి, మీ తమ్ముడికి ఏదైనా పర్వాలేదు, కాకపోతే వాడి దగ్గర ఒకటి ఇప్పటికే ఉందేమో చూసుకోండి.

కొనేటప్పుడు పేరు వదిలేసి కింద వివరణలోకి వెళ్లండి. ఎవరెవరు వస్తారో అక్కడ రాసి ఉంటుంది, కిల్లర్, సర్వైవర్ అన్న మాటలు రెండూ కనిపిస్తేనే కొనండి. ఇంకోటి, ఆట వాళ్లు సొంతంగా తయారుచేసిన పాత్రల్ని ఆడుతూ సంపాదించే షార్డ్స్‌తో కూడా తీసుకోవచ్చు, లైసెన్స్ పాత్రలకి మాత్రం డబ్బే పెట్టాలి. కాబట్టి బహుమతికి లైసెన్స్ ప్యాకే మంచిది, వాడు ఎంత ఆడినా ఊరికే రాదు. వాడు స్టీమ్ (కంప్యూటర్ ఆటల ఆన్‌లైన్ స్టోర్)‌లో ఆడుతుంటే స్టీమ్‌లోనే కొనండి.

ప్రశ్న: 'డెడ్ బై డేలైట్' పాత వీడియోల్లో 'జోల్ట్' అనే పెర్క్ (పాత్రకి పెట్టుకునే ప్రత్యేక సామర్థ్యం) చాలా బాగుందంటున్నారు. నా ఆటలో ఎంత వెతికినా లేదు. తీసేశారా?
— ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: తీసేయలేదు తమ్ముడూ, నీకు 'సర్జ్' అని కనిపిస్తోంది చూడు, అదే ఇది. కిల్లర్ ఎవరినైనా పడగొట్టగానే దగ్గర్లోని జనరేటర్లు పేలి, చేసిన పని కొంత వెనక్కి పోతుంది. 2019 సెప్టెంబర్‌లో 'స్ట్రేంజర్ థింగ్స్ చాప్టర్'తో సర్జ్ అనే పేరుతోనే వచ్చింది. 2021 నవంబర్‌లో ఆ చాప్టర్ అమ్మకం ఆగిపోయింది, అప్పుడు దాని పెర్క్‌లకి పేర్లు మార్చి అందరికీ ఇచ్చారు, సర్జ్ కాస్తా జోల్ట్ అయింది, 'మైండ్‌బ్రేకర్' వెళ్లి 'ఫియర్‌మాంగర్' అయింది. 2023 నవంబర్‌లో చాప్టర్ తిరిగొచ్చింది, పాత పేర్లూ తిరిగొచ్చాయి. ఆ రెండేళ్ల మధ్య తీసిన వీడియోలన్నిట్లో జోల్ట్ అనే వినిపిస్తుంది. నీ దగ్గర ఆ చాప్టర్ కిల్లర్ డెమోగోర్గన్ లేకపోతే ముందు వాణ్ని తీసుకుని లెవెల్ పెంచు, ఆ తర్వాత మిగతా కిల్లర్లకి కూడా ఈ పెర్క్ వాడుకోవచ్చు.