వైకుంఠపాళి వద్దు, అష్టాచెమ్మా ఆడించండి

ప్రశ్న: మా వార్డులో పొదుపు సంఘాలకు ఆర్పీగా, అంటే సంఘాల పనులు చూసే రిసోర్స్ పర్సన్‌గా పనిచేస్తున్నాను. సభ్యులంతా రోజుకూలీ కుటుంబాల వాళ్లు. వడ్డీల గురించి చెబితే తలూపి వెళ్తారు, మళ్లీ ఐదు రూపాయల వడ్డీకే అప్పు తెస్తారు. వైకుంఠపాళిలో పాముల దగ్గర అప్పులు, నిచ్చెనల దగ్గర పొదుపు అని రాసి ఆడిద్దామనుకుంటున్నాను. పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆట ఆలోచన చాలా బాగుంది. పటం మాత్రం మార్చండి. వైకుంఠపాళిలో మనం ఆలోచించి చేసేది ఏమీ ఉండదు. పాము మింగితే దిగడమే. అప్పులు తలరాత అనుకునేవాళ్లకు అదే మాట మళ్లీ చెప్పినట్టవుతుంది. అష్టాచెమ్మాలో గవ్వలు మన చేతిలో లేకపోయినా, ఏ కాయ జరపాలో మన ఇష్టం. పైగా సుద్దముక్కతో అరుగు మీద గీసుకోవచ్చు.

ఒక చింతపిక్క అంటే 500 రూపాయలు, ఒక రోజు కూలీ అనుకోండి. ఒక్కో పందెం ఒక వారం. గవ్వల్లో మూడు పడితే ఆ వారం మూడు రోజులే పని దొరికినట్టు, మూడు పిక్కలు ఇవ్వండి. అందులో రెండు ఇంటిఖర్చుకు పోతాయి. అడ్డగీతల గడిలో కాయ నిలిస్తే సంఘం డబ్బాలో ఒక పిక్క వేయాలి. కాయ చచ్చిందా, ఆస్పత్రి ఖర్చు వచ్చినట్టే: 20 పిక్కలు, అంటే 10,000 అప్పు. డబ్బాలో అప్పటికే మూడు పిక్కలు వేసినవాళ్లకు సంఘం రూపాయి వడ్డీకి ఇస్తుంది. మిగతావాళ్లు ఐదు రూపాయల వడ్డీకి బయటే తెచ్చుకోవాలి.

ఐదు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 500. నాలుగు పందేలకోసారి ఒక పిక్క తీసి పెట్టాల్సిందే. రూపాయి వడ్డీ అయితే ఆ పిక్క ఐదు నెలలకు ఒకటి. నేను ఆడించినప్పుడు ఒకావిడ ఐదో పిక్క పెడుతూ ఆగిపోయింది. "ఇన్ని ఇచ్చాను, అసలు అలాగే ఉందేంటండీ?" అంది. పక్కావిడ అప్పటికి ఇచ్చింది ఒక్కటే. ఇద్దరూ పిక్కలు మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకున్నారు. వాళ్లకు లెక్కలు రాక కాదండీ, ఆ రెండు అప్పులూ పక్కపక్కన పెట్టి చూసుకునే తీరిక ఎప్పుడూ దొరకలేదు.

ఎవరి సొంత అప్పుల గురించీ అడగకండి. నలుగురిలో బయటపడితే రెండోసారి రారు. వీలైతే భర్తల్ని కూడా కూర్చోబెట్టండి. ఇంట్లో అప్పు తెచ్చేది ఒకరు, కట్టేది ఇంకొకరు అయితే ఒక్కరికే చెప్పి లాభం లేదు.

ఆట అయ్యాక అందరి పాస్‌బుక్కులూ తెప్పించి, ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు కట్ అవుతున్నాయో లేదో చూడండి. ప్రమాదంలో మనిషి పోతే ఇంటివాళ్లకు 2 లక్షలు వస్తాయి. కూలిపనికి వెళ్లేవాళ్లకు అది లేకపోతే ఎలా? లేనివాళ్లను మీరే బ్యాంకుకు తీసుకెళ్లి ఫారం నింపించండి.